34 సలాడ్ డబ్బాలు: పచ్చి కూరలు కడిగే ఏర్పాటు, ప్రాజెక్టు డైరీ

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో మా ఇల్లు. మా వంటింట్లోంచి రోజుకు 34 లంచ్ బాక్సులు ఆఫీసులకు వెళ్తాయి. అన్నం, పప్పు, కూర, చారుతో ఎప్పుడూ పేచీ రాలేదు. ఏప్రిల్ నుంచి పక్కన చిన్న డబ్బాలో సలాడ్ కూడా పెడుతున్నాం: కీరా, కేరెట్, టమాటా, ఉల్లి, క్యాబేజీ తురుము, మొలకెత్తిన పెసలు, పైన కొత్తిమీర. జూన్ రెండో వారంలో ఒకే రోజు బాక్సు తిన్నవాళ్లలో ఐదుగురికి విరేచనాలు పట్టుకున్నాయి. ఐదుగురూ సలాడ్ తిన్నవాళ్లే. దాని వల్లే అని రుజువేమీ లేదు. వాళ్లలో ఇద్దరు ముందు రోజు పెళ్లి భోజనానికి వెళ్లొచ్చారు కూడా. కానీ బాక్సులో మిగతావన్నీ పొయ్యి మీద ఉడికినవే. నిప్పు సెగ చూడకుండా వెళ్తున్నది సలాడ్ ఒక్కటే. అనుమానం దాని మీదే పడాలి.

సలాడ్ వారం రోజులు ఆపేసి ఈ పని మొదలుపెట్టాం. పెట్టుకున్న హద్దులు: రోజుకు 6 కిలోల పచ్చి సరుకు, ఇద్దరు మనుషులు, గంటన్నర సమయం, రూ. 5,000 లోపు ఖర్చు. కర్రీ పాయింటో, మెస్సో నడిపేవాళ్లకి, ఇంట్లో పచ్చివి ఎక్కువ తినేవాళ్లకి పనికొస్తుందని కొలతలతో సహా రాస్తున్నాను. తప్పులు చాలా చేశాం, అవీ రాస్తాను.

దశ 1: ఉన్నదున్నట్టు కొలవడం (జూన్ 16–19)

అప్పటిదాకా మేం కడిగే పద్ధతి ఇది:

1. కూరలన్నీ ఒకే పెద్ద బేసిన్లో పోయడం.
2. వంటింటి డ్రమ్ములోంచి మగ్గుతో నీళ్లు తీసి నింపడం.
3. గుప్పెడు ఉప్పు, చిటికెడు పసుపు వేసి పావుగంట నానబెట్టడం.
4. నీళ్లు వంపేసి తరగడం.

ఉప్పు, పసుపు వేస్తే ఆకుల్లో దాక్కున్న పురుగులు కొన్ని తేలతాయి, అంతవరకు నిజం. ఆ మోతాదులో వేస్తే టైఫాయిడ్ క్రిములు చావవు. పైగా బేసిన్లో మొదట దిగిన మట్టి చివరికి అన్నిటికీ సమానంగా పంచినట్టవుతుంది.

నీళ్లు పరీక్షించడానికి హెచ్‌టూఎస్ సీసాలు పది కొన్నాను. సీసాలో గీత వరకు నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చగా ఉండే చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీళ్లలో మలం ద్వారా చేరే రకం బ్యాక్టీరియా ఉంటే లోపల నల్లబడుతుంది. ఏ క్రిమి, ఎంత అనేది చెప్పదు, ఉందో లేదో మాత్రమే చెబుతుంది. మా ఇంట్లో వెచ్చటి చోటంటే ఫ్రిజ్ వెనక అలమర.

మొదటి నాలుగు సీసాల ఫలితం:

- సీసా 1, బోరు నీళ్లు నేరుగా: 48 గంటలైనా రంగు మారలేదు.
- సీసా 2, మేడ మీద ట్యాంకు నీళ్లు: మారలేదు.
- సీసా 3, వంటింటి డ్రమ్ములోంచి మగ్గుతో తీసినవి: 18 గంటల్లో తారులా నల్లబడింది.
- సీసా 4, ఉదయం వచ్చే మున్సిపల్ కుళాయి నీళ్లు: మారలేదు.

నేను బోరు మీద అనుమానంతో మొదలుపెట్టాను. తీరా చూస్తే దోషం బోరుది కాదు, మగ్గుది. ఆ మగ్గు రోజుకు ఎన్నిసార్లు నేల మీదకి దిగుతుందో, ఎన్ని చేతులు మారుతుందో ఒక పూట కూర్చుని లెక్కపెట్టాను. ఉదయం తొమ్మిదింటికల్లా 41 సార్లు డ్రమ్ములో మునిగింది. అందులో సగం సార్లు వేళ్లు కూడా మునిగాయి.

ఖర్చు: సీసాలు పది 350, సూది థర్మామీటరు 380. మొత్తం: రూ. 730

దశ 2: డ్రమ్ముకి కుళాయి (జూన్ 20–24)

మగ్గు తీసేయాలంటే డ్రమ్ముకి కుళాయి ఉండాలి. అడుగు నుంచి నాలుగు అంగుళాల ఎత్తున రంధ్రం చేసి అరంగుళం ప్లాస్టిక్ కుళాయి బిగించాను. రెండు వైపులా రబ్బరు వాషర్లు పెట్టకపోతే కారుతుంది. మొదటిసారి ఒక వైపే పెట్టి వంటిల్లంతా తడిపాను.

సీసా 5, కొత్త కుళాయి నుంచి పట్టిన నీళ్లు: మళ్లీ నలుపు.

ఒక రోజంతా తల పట్టుకున్నాక డ్రమ్ము ఖాళీ చేసి లోపలికి టార్చి వేశాను. గోడలకు వేలితో గీస్తే ఊడివచ్చే జిగట పొర, అడుగున టీ డికాక్షన్ రంగు మడ్డి. కుళాయి అడుగు నుంచి నాలుగు అంగుళాలు పైన ఉండడంతో ఆ నాలుగు అంగుళాల నీళ్లు ఎప్పుడూ బయటికి రావు. వాటి మీదే కొత్త నీళ్లు పోస్తున్నాం. మగ్గు పోయినా దాని వారసత్వం లోపలే ఉంది.

సబ్బుతో, పొడవాటి బ్రష్‌తో తోమి, బ్లీచింగ్ నీళ్లు అరగంట ఉంచి, రెండుసార్లు కడిగి ఎండబెట్టాను. ఇప్పుడు ప్రతి ఆదివారం డ్రమ్ముని ఒరగ్గా వంచి ఆ అడుగు నీళ్లు పారబోస్తున్నాం. సీసా 6: రంగు మారలేదు.

మీరు చేస్తే రంధ్రం ఒకటిన్నర అంగుళం ఎత్తులోనే పెట్టండి. నాలుగు అంగుళాలు నా తప్పు.

ఖర్చు: కుళాయి, వాషర్లు 160, బ్రష్ 60. మొత్తం: రూ. 950

దశ 3: మట్టి వదిలించడం (జూన్ 25–30)

ఇక కూరల సంగతి. వానలు మొదలయ్యాక కేరెట్, ముల్లంగి మట్టిముద్దల్లా వస్తున్నాయి. కొత్తిమీర వేళ్లతో సహా కట్ట కడతారు. రైతుబజార్ బయట నేను ఎప్పుడూ కొనే ఆకుకూరల అవ్వ దగ్గర ఆ రోజు కాసేపు నిలబడ్డాను. పక్కన ఒక పెయింటు బకెట్టు. అందులో నీళ్లు పొద్దున ఏ రంగులో ఉన్నాయో గానీ పదింటికి బూడిద రంగు. పావుగంటకోసారి ఒక్కో కట్టనీ అందులో తలకిందులుగా ముంచి, దులిపి, మళ్లీ పేరుస్తోంది. నేను చూస్తున్నది గమనించింది.

"ఏటి బాబూ అలగ సూస్తన్నావు? నీల్లు జల్లకపోతే ఎండిపోవా?"

ఎండిపోతాయి, అవ్వ తప్పేమీ లేదు. కానీ మనం "తాజాగా ఉంది" అని ఏరి తీసుకునే ఆ తడి ఆ బకెట్టుదే. అప్పటి నుంచి ముంచని కట్టలు, కాస్త వాడినవైనా సరే, అడిగి తీసుకుంటున్నాను. ఇంటికొచ్చి చల్లటి మంచినీళ్లలో కాడలు పెడితే పది నిమిషాల్లో లేచి కూర్చుంటాయి.

ఇప్పటి పద్ధతి:

1. కొత్తిమీర, పుదీనా వేళ్లు కోసేసి కట్ట విప్పాలి. కట్టగా కడిగితే లోపలి కాడలకు నీళ్లే తగలవు.
2. చిల్లుల బుట్టలో వేసి, బుట్టను టబ్బులో ముంచి, చేత్తో ఆడించి, బుట్టనే పైకి ఎత్తాలి. టబ్బు వంపితే దిగిన మట్టి మళ్లీ ఆకు మీద పడుతుంది. ముప్ఫై ఏళ్లుగా మేం చేసింది అదే.
3. కేరెట్, కీరా, ముల్లంగి పారే నీళ్ల కింద బ్రష్‌తో రుద్దాలి.
4. తొక్క తీసేవాటిని కూడా ముందు కడగాలి. మా ఆవిడ దీనికి ఒప్పుకోలేదు: "తొక్క పారేసేదే కదా!" నిజమే, కానీ తొక్క మీద మట్టి ఉంటే చాకు దాన్ని లోపలి కండకు పూస్తుంది. మట్టి కేరెట్‌ని కడగకుండా చెక్కి, ఆ చాకుతోనే తెల్ల ముల్లంగిని ఒక గాటు పెట్టి చూపించాను. గాటు పొడవునా గోధుమ రంగు గీత. ఆ తర్వాత వాదన లేదు.

మొదట్లో దీనికి 110 లీటర్ల నీళ్లు అయ్యాయి. ఆఖరిసారి కడిగిన నీళ్లను తర్వాతి విడత కూరలకు మొదటి ముంపుగా వాడితే 60 లీటర్లకు దిగింది. తిరగేసి మాత్రం వాడకూడదు. కూరగాయలకు సబ్బు, గిన్నెల లిక్విడ్ కూడా వద్దు. తొక్కలోని సన్నటి రంధ్రాల్లోకి ఇంకుతాయి, కడిగినా పోవు.

ఖర్చు: 20 లీటర్ల టబ్బులు రెండు 440, చిల్లుల బుట్టలు రెండు 180, బ్రష్‌లు 80. మొత్తం: రూ. 1,650

దశ 4: క్లోరిన్, రెండు హైపోల కథ (జూలై 1–12)

ఎక్కువ రోజులు తిన్న దశ ఇదే.

పచ్చి కూరలకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పే మోతాదు 50 పీపీఎం క్లోరిన్, అంటే లీటరు నీళ్లకు 50 మిల్లీగ్రాములు. పెద్ద ప్యాకింగ్ కేంద్రాల్లో 50 నుంచి 200 దాకా వాడతారు. నేను 100తో మొదలుపెట్టి, 50కి దిగగానే నీళ్లు మార్చాలనుకున్నాను. లెక్క: 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (ద్రవ రూపంలో దొరికే బ్లీచ్) అంటే లీటరుకు 50,000 మిల్లీగ్రాములు. 20 లీటర్ల టబ్బులో 100 పీపీఎం రావాలంటే 2,000 మిల్లీగ్రాములు కావాలి, అంటే 40 మి.లీ. వాసన, రంగు, నురగ కలిపిన బాత్రూమ్ బ్లీచ్‌లు పనికిరావు. సాదా ద్రావణం మాత్రమే తీసుకోవాలి.

మొదటి తప్పు. కొలవడానికి తెచ్చిన క్లోరిన్ పట్టీలు 0 నుంచి 10 వరకే చదివేవి. టబ్బులో ముంచాను. క్షణం పాటు ఊదా రంగు వచ్చి, వెంటనే తెల్లగా అయిపోయింది. తెలుపంటే సున్నా. మందు పనిచేయడం లేదనుకుని ఇంకో 40 మి.లీ. పోశాను. మళ్లీ తెలుపు. మరో 40. అప్పటికి వంటింట్లో ఎవరం నిలబడలేకపోయాం, అత్తయ్యగారికి దగ్గు ఆగలేదు. జరిగిందేమిటంటే క్లోరిన్ మరీ ఎక్కువై పట్టీ మీది రంగునే విరిచేసింది. ఆ రోజు కొత్తిమీర మొత్తం మచ్చలు పడి పారేశాం, 600 గ్రాములు.

కొత్త పట్టీలు కొనకుండా దీనికో దారి ఉంది. టబ్బు నీళ్లు 50 మి.లీ. తీసి, క్లోరిన్ లేని బోరు నీళ్లు 950 మి.లీ.తో కలిపి, అందులో పట్టీ ముంచి, వచ్చిన అంకెను 20తో గుణించాలి. పట్టీ 5 చూపితే 100 పీపీఎం, 3 చూపితే 60.

రెండో తప్పు. అలా కొలిస్తే 40 మి.లీ. పోసిన టబ్బు 100 కాదు, 60 చూపింది. క్యాను మీద 5 శాతం అనే ఉంది. కానీ ఆ క్యాను షాపు బయట ఎండలో వరసగా పేర్చినవాటిలోంచి తెచ్చుకున్నది. వేడికీ వెలుతురుకీ హైపోక్లోరైట్ బలం తగ్గిపోతుంది. నా చేతికొచ్చింది సుమారు 3 శాతమే అన్నమాట. ఇప్పుడు 20 లీటర్లకు 65 మి.లీ. పోస్తున్నాను, ప్రతి సోమవారం కొలిచి ఈ అంకె సరిచేసుకుంటున్నాను. క్యాను మెట్ల కింద చీకట్లో, పిల్లలకు అందకుండా. మీ క్యానుకు నా 65 పనికిరాదు, మీరే కొలుచుకోవాలి.

మూడో తప్పు. అత్తయ్యగారు ఎక్కడో విని, "వెనిగర్ కూడా మంచిదటగా" అని అదే టబ్బులో వేయబోయారు. చేతిలో సీసా చూసి ఆపాను. బ్లీచ్‌లో ఏ పులుపు కలిపినా క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. మూసిన వంటింట్లో అది ప్రాణాల మీదకి తెస్తుంది. వెనిగర్, నిమ్మకాయలు ఇప్పుడు ఆ గదిలోనే ఉంచడం లేదు.

నాలుగోది: నీళ్ల గుణం. బోరు నీళ్ల పీహెచ్ (నీళ్లు పులుపు వైపా, క్షారం వైపా అని చెప్పే అంకె) 8 వచ్చింది, మున్సిపల్ నీళ్లది 7 పైన కొంచెం. క్రిములను చంపే రూపంలో ఉండే క్లోరిన్ పీహెచ్ 7 దగ్గర నాలుగింట మూడు వంతులు, 8 దగ్గర నాలుగింట ఒక వంతే. అదే మందు, అదే ఖర్చు, పని మూడో వంతు. క్లోరిన్ టబ్బుకి మున్సిపల్ నీళ్లు, మట్టి కడగడానికి బోరు నీళ్లు అని విడదీశాం.

ఇక రెండు హైపోల సంగతి. మందు వేసిన టబ్బులో కొత్తిమీర రెండు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లే సీసా 7లో పోశాను. రంగు మారలేదు. గెలిచామనుకున్నాం. రెండు రోజులయ్యాక తట్టింది: సీసాలోకి క్లోరిన్ కూడా వెళ్లింది కదా, అది పరీక్షలో క్రిములను పెరగనివ్వదు. క్లోరిన్‌ని విరిచాకే పరీక్షించాలి. దానికి సోడియం థయోసల్ఫేట్ కావాలి. పాత ఫొటో స్టూడియోల వాళ్లు దాన్ని హైపో అనేవారు. మందుల షాపులో హైపో అని అడిగితే మళ్లీ హైపోక్లోరైట్ క్యానే చేతికిచ్చారు, ఎందుకంటే ఆసుపత్రి భాషలో హైపో అంటే అది. ఒకటి క్లోరిన్, రెండోది క్లోరిన్‌కి విరుగుడు, పేరు మాత్రం ఒకటే. చివరికి అక్వేరియం చేపల షాపులో దొరికింది. కుళాయి నీళ్లలో చేపలు చావకుండా వేసే పలుకులు అవే.

సీసా 8, అదే పద్ధతి, పలుకు వేసి క్లోరిన్ విరిచాక: నలుపు.

కారణం పట్టీ చెప్పింది. కడగని కొత్తిమీర 2 కిలోలు ముంచితే టబ్బు 100 నుంచి 20కి పడిపోయింది. రెండుసార్లు కడిగిన కొత్తిమీరయితే 80 దగ్గర ఆగింది. క్లోరిన్‌కి మట్టీ క్రిమీ తేడా తెలియదు, ముందు దొరికినదాని మీద ఖర్చయిపోతుంది. ముందుగా రెండుసార్లు కడిగి పరీక్షించిన సీసాలు 9, 10: రెండూ రంగు మారలేదు.

ఖర్చు: హైపోక్లోరైట్ 190, పట్టీలు 450, పీహెచ్ పట్టీలు 120, 50 మి.లీ. సిరంజి 40, చేపల షాపు పలుకులు 60. మొత్తం: రూ. 2,510

దశ 5: టమాటా నీళ్లు తాగుతుంది (జూలై 14)

కీరా కరకరలాడాలని టబ్బులో ఐసు వేశాను. టమాటాలు కూడా అందులోనే. మార్కెట్ నుంచి వచ్చిన టమాటా లోపలి వేడి 33 డిగ్రీలు, నీళ్లు 9. వెచ్చని టమాటాని చల్లటి నీళ్లలో వేస్తే లోపలి గాలి కుంచించుకుపోయి, కాడ ఊడిన మచ్చ గుండా నీళ్లను లోపలికి లాక్కుంటుంది. ఇది చదివిందే, కంటితో చూడాలనిపించింది.

మిఠాయిల్లో వాడే నీలం రంగు కలిపిన ఐసు నీళ్లలో ఆరు టమాటాలు పావుగంట ఉంచి, తుడిచి, నిలువునా కోశాను. రెంటిలో ఏమీ లేదు. నాలుగింటిలో కాడ మచ్చ నుంచి తెల్లటి మధ్య భాగంలోకి నీలం దారం దిగింది, ఒకదాంట్లో నా బొటనవేలి గోరంత పొడవున. అంటే ఆ నీళ్లలో ఏముంటే అది లోపలికి పోయినట్టే. ఇక పైన ఎంత కడిగినా దొరకదు.

ఐసు ఆపేశాం. టమాటాలు గది వేడి నీళ్లలోనే, ఎండలోంచి వచ్చినవైతే అరగంట నీడన ఉంచాక. కాడ మచ్చ చుట్టూ లోతుగా కోసి తీసేస్తున్నాం. పగిలినవి కూరలోకి.

ఖర్చు: రంగు 25. మొత్తం: రూ. 2,535

దశ 6: కత్తిపీట, క్యాబేజీ, మొలకలు (జూలై 16–28)

మంగళవారాలు మాకు చేపల బాక్సు. చేప కోసేది కత్తిపీట మీద, కడిగాక కీరా కోసేది కూడా దాని మీదే. ఇనుప అలుగు చెక్కలోకి దిగేచోట సందు ఉంటుంది. అగ్గిపుల్లతో గీస్తే నల్లటి పేస్టు వచ్చింది, వాసన చెప్పనక్కర్లేదు. కత్తిపీటను అత్తయ్యగారు వదులుకోరు, అది వాళ్లమ్మగారిది. అందుకని రాజీ: కత్తిపీట చేపకీ వండే కూరకీ మాత్రమే. సలాడ్‌కి ఆకుపచ్చ ప్లాస్టిక్ పలకలు రెండు, ఆకుపచ్చ పిడి చాకులు రెండు. అవి వేరే మేకుకు వేలాడతాయి.

క్యాబేజీ. "క్యాబేజీ పురుగు మెదడుకెక్కుతుంది" అనే మాట మా వైపు చిన్నప్పటి నుంచి వింటున్నదే. అందులో సగమే నిజం. మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ తెప్పించేది పంది బద్దెపురుగు. క్యాబేజీలో పుట్టదు. ఆ బద్దెపురుగు పేగులో ఉన్న మనిషి మలంతో గుడ్లు బయటికొస్తాయి, ఆ మురుగు తగిలిన పొలంలో ఏ పచ్చి కూర మీదకైనా చేరతాయి. క్యాబేజీ పొరల్లో దాక్కోవడానికి చోటెక్కువ, అంతే. నాకు కంగారు పుట్టించింది వేరే విషయం: మేం వాడే మోతాదు క్లోరిన్‌కి ఈ గుడ్లు చావవు. ఉడికించాలి, లేదా ఆకు ఆకు విప్పి పారే నీళ్ల కింద రుద్దాలి. అన్ని రోజులు కొలతలు వేసింది క్లోరిన్ మీద, దానితో అయ్యే పని కొంతే. 34 డబ్బాలకు ఆకు ఆకు విప్పడం మా వల్ల కాదు. క్యాబేజీ ఇప్పుడు తాలింపులోకే.

మొలకలు. వదులుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ కష్టమైంది ఇవే. బలమైన తిండి అని జనం అడిగి మరీ తింటారు. కానీ పెసలు మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనం, ఒక రోజు సమయం బ్యాక్టీరియాకి కూడా అంతే ఇష్టం. గింజ పగుళ్లలో నాలుగు ఉన్నా తెల్లారేసరికి లక్షలు. కడిగితే పోవు. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఈ.కొలై అనే బ్యాక్టీరియా సోకి దాదాపు నాలుగు వేల మంది జబ్బుపడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు. 1996లో జపాన్‌లోని సకాయ్‌లో వేల మంది బడిపిల్లలు జబ్బుపడినప్పుడు అనుమానం ముల్లంగి మొలకల మీద పడింది. అంత శుభ్రత పాటించే దేశాల్లోనే అలా అయితే మా డ్రమ్ము చరిత్ర తెలిసినవాణ్ని నేనేం హామీ ఇస్తాను?

మొదట గింజలను క్లోరిన్‌లో నానబెట్టి చూశాను, మొలకే సరిగా రాలేదు. ఇప్పుడు మొలకలను ఇడ్లీ పాత్రలో పలుచగా పరిచి ఆవిరి పడుతున్నాం. మధ్యలో థర్మామీటరు 80 చూపేదాకా, మా పాత్రలో ఏడు నిమిషాలు. కరకర పోయింది. ఇద్దరు కస్టమర్లు అలిగారు. ఒకాయన "గుగ్గిళ్లు పంపిస్తున్నారేంటండీ" అని ఫోన్ చేశారు. అవును సార్, గుగ్గిళ్లే.

ఖర్చు: పలకలు 500, చాకులు 240. మొత్తం: రూ. 3,275

దశ 7: ఆరబెట్టడం, చల్లగా ఉంచడం (జూలై 29 – ఆగస్టు 6)

తడి కొత్తిమీర డబ్బాలో గంటకే జిగటవుతుంది. తువ్వాలుతో తుడిస్తే తువ్వాలు మీదున్నది అంటుతుంది. దోమతెర బట్టతో సంచి కుట్టించి, ఆకు వేసి, పెరట్లో నిలబడి గిరగిరా తిప్పాను. పదిహేను తిప్పులకు 300 గ్రాముల కొత్తిమీర నుంచి 45 గ్రాముల నీళ్లు పోయాయి. మొదటిసారి వంటింట్లోనే తిప్పి గోడ మీద క్యాలెండర్ తడిపినందుకు మాటలు పడ్డాను. సంచి రోజూ వేడినీళ్లలో ఉడకాలి.

వేడి లెక్క ఇంకా ఘోరం. ఉదయం ఏడున్నరకే సలాడ్ తరిగి పెట్టేవాళ్లం, తినేది ఒంటిగంటకి. థర్మామీటరు పెట్టి చూస్తే ఒంటిగంటకు డబ్బాలో 31 డిగ్రీలు. తరిగిన కూర గది వేడిలో రెండు గంటలు, 32 దాటితే ఒక్క గంట అని లెక్క. మాది ఐదున్నర గంటలు! ఆ ఐదుగురి సంగతిలో నా అనుమానం ఇప్పుడు కూరల కన్నా ఈ ఐదున్నర గంటల మీదే ఎక్కువ.

మార్చినవి:

1. కడగడం, ఆరబెట్టడం ఉదయం. తరగడం 10:45కి. అప్పటిదాకా కాయలు ముక్క చేయకుండా ఫ్రిజ్‌లో.
2. ఫ్రిజ్‌లో మధ్యాహ్నం 9 డిగ్రీలు ఉంది. మాటిమాటికీ తెరవడం, పైదాకా కూరడం కారణం. చల్లదనం మీట పెంచి, సలాడ్‌కి ఒక అర వదిలితే 4కి వచ్చింది.
3. థర్మోకోల్ పెట్టెలో సలాడ్ డబ్బాలు, మధ్యలో గడ్డకట్టించిన లీటరు నీళ్ల సీసాలు మూడు. ఒంటిగంటకి 12 డిగ్రీలు. 5 లోపు ఉండాల్సింది, రాలేదు. అందుకే సమయంతో కట్టడి చేస్తున్నాం: మూత మీద "1:15 లోపు తినండి, మిగిలితే పారేయండి" అని చీటీ.
4. ఏడు రోడ్ల జంక్షన్ వైపు బాక్సులు ముందు వెళ్లేవి, ఇప్పుడు దూరం ఆఫీసులు ముందు.

ఖర్చు: సంచి 60, థర్మోకోల్ పెట్టె 350, రెండో విడత సీసాలు పది 350. మొత్తం: రూ. 4,035

దశ 8: నడుస్తున్న పద్ధతి, మళ్లీ పరీక్షలు (ఆగస్టు 7 నుంచి)

రోజూ చేసేది ఇంతే:

1. చేతులు సబ్బుతో 20 సెకన్లు. కడుపు బాగోలేనివాళ్లు ఆ రోజు సలాడ్ జోలికి రాకూడదు.
2. మొదటి ముంపు, రెండో ముంపు, రుద్దడం.
3. క్లోరిన్ టబ్బులో రెండు నిమిషాలు, ఆకులు పూర్తిగా మునిగేలా. ప్రతి 3 కిలోలకు ఒకసారి పట్టీ.
4. డ్రమ్ము కుళాయి నీళ్లతో చివరి కడుగు.
5. సంచి తిప్పుడు, ఫ్రిజ్.

పని సమయం గంటా పాతిక నిమిషాలు. రెండో విడత సీసాలు, చివరి కడుగు నీళ్లతో: సీసా 11 కొత్తిమీర, మారలేదు. సీసా 12 పుదీనా, నలుపు. సీసా 13 పుదీనా మళ్లీ, నలుపు. సీసా 14 కీరా, మారలేదు. మట్టిలో ఉండే హానిలేని రకాలు కూడా ఈ సీసాను నలుపు చేయగలవు కాబట్టి పుదీనా మీద కేసు ఖాయం కాదు. కానీ దాని ఆకు గరుకు, మడతలు, నూగు చూస్తే మట్టి ఎందుకు వదలదో అర్థమవుతుంది. పుదీనా ఇక వేయించిన పచ్చడికే.

సీసా 15, ఆగస్టు 9, డ్రమ్ము కుళాయి: మారలేదు.

సీసా 16, ఆగస్టు 14, అదే కుళాయి: నలుపు.

డ్రమ్ము మూత తీస్తే నీళ్ల మీద మగ్గు తేలుతోంది. కుళాయి ధార సన్నగా వస్తోందని, చారుకి నీళ్లు ఆలస్యమవుతున్నాయని అత్తయ్యగారు మళ్లీ మొదలుపెట్టారట, మూడు రోజులుగా. తప్పు ఆవిడది కాదు, అరంగుళం కుళాయిది. దాన్ని విప్పి, పాత స్టోర్‌రూమ్‌లో పడి ఉన్న ముప్పావు అంగుళం కుళాయి శుభ్రం చేసి బిగించాను, ఈసారి ఒకటిన్నర అంగుళం ఎత్తులో. పాత రంధ్రానికి బిరడా. డ్రమ్ము మళ్లీ తోమాం. మూతకి రెండు మరలు దిగ్గొట్టాను, తీయాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. మగ్గు బాత్రూమ్‌కి వెళ్లింది.

సీసా 17, ఆగస్టు 17: 48 గంటలకు రంగు మారలేదు.

ఖర్చు: మరలు, బిరడా 10. మొత్తం: రూ. 4,045